మజిల్‌లోడర్ వేట: చెకుముకి తుపాకి కొనాలా, ఇన్‌లైన్ కొనాలా? రెండూ వాడినవాళ్లు చెప్పండి

కొండవాలు:

పెన్సిల్వేనియాలో వైట్‌టెయిల్ జింకల వేటకి మొదటి మజిల్‌లోడర్ (మూతిలోంచి మందూ గుండూ నింపే తుపాకి) కొనాలి. సెంటర్‌ఫైర్ రైఫిల్ (తూటాలు వేసే మామూలు రైఫిల్) అలవాటే, బ్లాక్ పౌడర్ (పాతకాలపు తుపాకిమందు) మాత్రం పూర్తిగా కొత్త. అడిగిన ప్రతిచోటా రెండు రకాల జవాబులే వస్తున్నాయి. చెకుముకి రాయి, గుడ్డ ప్యాచ్, సీసపు గుండు లేనిది మజిల్‌లోడర్ వేటే కాదని ఒక వర్గం. ఇన్‌లైన్ (మందుని అంటించే ప్రైమర్ గొట్టం వెనక తిన్నగా ఉండే కొత్తరకం) అంటే మూతిలోంచి నింపే సింగిల్ షాట్ రైఫిల్, అంతకు మించి ఏమీ లేదని వాళ్ల మాట. జింక నరకయాతన పడకుండా ఒక్క దెబ్బకి పడాలి, అందుకు ఇన్‌లైన్, పైన స్కోపు (గురి చూసే దుర్భిణి) ఉండి తీరాలని ఇంకో వర్గం.

నాకు అర్థం కానివి మూడు. ఈ తగవు అసలు దేని గురించి? చేతిలోకి తీసుకున్నాక ఈ తుపాకుల మధ్య తేడా ఎంత, ఏది ఎక్కడ మొరాయిస్తుంది? రాష్ట్రాల రూల్స్ ఎవరి వైపు ఉన్నాయి? గ్రెయిన్లు (మందూ గుండూ కొలిచే చిన్న కొలమానం), గజాలు, కొలతలతో చెప్తే ఉపయోగంగా ఉంటుంది.

రంజకం:

ముందు రూల్ సంగతి. పెన్సిల్వేనియా వరకు మీ ప్రశ్నకి సగం జవాబు అందులోనే ఉంది. అక్టోబర్‌లో వచ్చే మజిల్‌లోడర్ సీజన్ కొమ్ముల్లేని జింకలకి. అందులో పెర్కషన్ (హ్యామర్ చిన్న లోహపు క్యాప్‌ని కొట్టి నిప్పు పుట్టించేది), ఇన్‌లైన్ అన్నీ చెల్లుతాయి, స్కోపు కూడా. క్రిస్మస్ మర్నాడు మొదలై జనవరిలోకి సాగే సీజన్ మాత్రం ఫ్లింట్‌లాక్‌ది, అంటే చెకుముకి తుపాకిది. నిప్పు రాయి నుంచే పుట్టాలి, క్యాలిబర్ (అంగుళాల్లో గొట్టం రంధ్రం వెడల్పు) .44కి తగ్గకూడదు, స్కోపు ఉండకూడదు. 1974 నుంచి ఆ సీజన్ ఉంది. కాబట్టి జనవరి మంచులో వేటాడాలంటే ఇన్‌లైన్ ఎంత మంచిదైనా బీరువాలోనే ఉంటుంది.

ఇక తగవు. మజిల్‌లోడర్‌కి వేరే సీజన్ దొరికిందే ఆ తుపాకి దగ్గరి నుంచి మాత్రమే పనికొస్తుంది గనక. గురి తక్కువ దూరం, రెండో దెబ్బకి అర నిమిషం పైనే, వాన పడితే అనుమానం. అందుకే తక్కువమంది వస్తారు, తక్కువ జింకలు పడతాయి, సీజన్ పొడిగించినా మందకి నష్టం లేదన్నది లెక్క. 1985లో తుపాకులు చేసే టోనీ నైట్ ఎంకే-85 అనే ఇన్‌లైన్ తెచ్చాక ఆ లెక్క మారడం మొదలైంది. వెనక 209 ప్రైమర్ (మందుని అంటించే చిన్న లోహపు గుళిక), మధ్యలో బిళ్లలుగా చేసిన తుపాకిమందు, సాబట్ అనే ప్లాస్టిక్ తొడుగులో కూర్చోబెట్టిన పిస్టల్ బుల్లెట్, పైన 3 నుంచి 9 రెట్లు పెంచి చూపే స్కోపు. ఆ తుపాకి 200 గజాలు కొడుతుంది. అదే సీజన్, అదే పేరు, తుపాకి మాత్రం వేరు. మా అభ్యంతరం అంతా ఇదే. ఇన్‌లైన్ చెడ్డ తుపాకి అని ఎవరూ అనరు.

ఫ్లింట్‌లాక్ విషయానికొస్తే, .50 క్యాలిబర్ గొట్టానికి .490 అంగుళాల మెత్తటి సీసపు గుండు, .015 మందం నూలు ప్యాచ్, 70 నుంచి 80 గ్రెయిన్ల ఎఫ్ఎఫ్ రకం (ఎఫ్‌లు పెరిగేకొద్దీ మందు సన్నం) బ్లాక్ పౌడర్‌తో మొదలుపెట్టండి. మీ గొట్టానికి తయారీదారు రాసిన గరిష్ఠం మాత్రం దాటొద్దు. గుండు బరువు 177 గ్రెయిన్లు. గుండుకి 66 అంగుళాలకి ఒక చుట్టు తిరిగే నిదానమైన రైఫ్లింగ్ (గొట్టం లోపలి మెలి గాళ్లు) బాగుంటుంది. 48 అంగుళాలకి ఒకటి తిరిగేది మధ్యస్థం, గుండుకీ పొడవాటి సీసపు బుల్లెట్‌కీ సర్దుకుంటుంది. మందుని డబ్బా నుంచి నేరుగా గొట్టంలో పోయకండి. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే చేతిలో డబ్బా పేలుతుంది. కొలతగొట్టంలోకి పోసి, అక్కడి నుంచి మూతిలోకి. ఆపైన తడి చేసిన ప్యాచ్, దాని మీద గుండు, పొట్టి స్టార్టర్‌తో లోపలికి నెట్టి, కడ్డీతో మందు మీద ఆనేదాకా ఒకే ఊపున దింపాలి. గుండుకీ మందుకీ మధ్య ఖాళీ మిగిలితే గొట్టం అక్కడ ఉంగరంలా ఉబ్బుతుంది, చీలినా చీలుతుంది. అందుకే కూరే కడ్డీ మీద రెండు గీతలు గీసుకోవాలి: ఖాళీ గొట్టానికి ఒకటి, నింపిన గొట్టానికి ఒకటి.

కొత్తవాళ్లకి ఫ్లింట్‌లాక్ మొరాయించేది ఎక్కువగా లాక్ (నిప్పు పుట్టించే యంత్రాంగం) దగ్గరే. హ్యామర్ సగం ఎత్తులో ఉన్నప్పుడు రాయి అంచు ఫ్రిజ్జెన్ అనే ఉక్కు పలకకి అంగుళంలో పదహారో వంతు నుంచి ఎనిమిదో వంతు దూరంలో, పలక వెడల్పంతా సమంగా ఆనేలా ఉండాలి. రాయిని తోలుముక్కలో చుట్టి బిగించండి. రాయి ఒక మూలే తగిలితే నిప్పురవ్వలు పళ్ళెంలో (గొట్టం పక్కన రంజకం పోసే చిన్న గిన్నెలో) పడవు. రంజకం సన్నటి మందు, అంటే నాలుగు ఎఫ్‌ల రకం, పళ్ళెంలో మూడోవంతు చాలు. నిండా పోస్తే మంట టచ్ హోల్‌ని (గొట్టంలోకి దారితీసే సన్నటి రంధ్రాన్ని) చేరేలోపు మందు వత్తిలా కాలుతూ వస్తుంది, ట్రిగ్గర్ లాగినా పేలుడు ఆలస్యమవుతుంది. రంజకాన్ని టచ్ హోల్‌కి దూరంగా నెట్టమని పాత సలహా ఒకటి తిరుగుతూ ఉంటుంది. కెమెరాతో కొలిచి చూసిన పరీక్షల్లో దగ్గరగా ఉన్న రంజకమే త్వరగా అంటించింది. టచ్ హోల్‌ని మాత్రం సన్నటి తీగతో ప్రతి దెబ్బకీ పొడిచి తెరవాలి. పళ్ళెంలో భగ్గుమని గొట్టం పేలకపోతే పదింట తొమ్మిదిసార్లు అక్కడ మసో నూనెచుక్కో అడ్డుపడి ఉంటుంది.

ఫ్లింట్‌లాక్‌కి అసలైన బ్లాక్ పౌడరే కావాలి. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ లాంటి బదులు మందులు అంటుకోవడానికి ఎక్కువ వేడి అడుగుతాయి, రాయి నిప్పుకి సరిగా లొంగవు. 2021లో బ్లాక్ పౌడర్ చేసే గోయెక్స్ ఫ్యాక్టరీ మూతపడుతోందన్నప్పుడు మావాళ్లు అంత కంగారు పడింది అందుకే. 2022లో ఎస్టెస్ కంపెనీ దాన్ని కొన్నాక ఊపిరి పీల్చుకున్నారు.

నేరుమంట:

రంజకం గారు చెప్పిన లాక్ వివరాలన్నీ సరైనవే. తగవు దగ్గర మాత్రం నేను ఒప్పుకోను.

ఎంకే-85లో మొదట ఉన్నది 11వ నంబరు క్యాపే, సైడ్‌లాక్‌లో (హ్యామర్ పక్కన ఉండే పాతరకంలో) వాడేదే. దాన్ని గొట్టం వెనక నేరుగా పెట్టారు, అంతే. మంట మలుపు తిరగకుండా తిన్నగా మందులోకి పోతుంది కాబట్టి పేలడం ఖాయం. వెనక బ్రీచ్ ప్లగ్ (గొట్టం వెనక చివర మూసే మర) ఊడుతుంది కాబట్టి గొట్టం ఈ చివర నుంచి ఆ చివరకి కనబడేలా కడగొచ్చు, నింపిన మందుని కాల్చకుండా తీసేయొచ్చు. ఈ రెండూ భద్రతకి సంబంధించినవి. వీటిని సంప్రదాయానికి ద్రోహం అనడం న్యాయం కాదు.

లెక్క చూడండి. .490 గుండు 1800 అడుగుల వేగంతో బయలుదేరితే మూతి దగ్గర దాదాపు 1270 అడుగుల-పౌండ్ల శక్తి. గుండ్రటి ఆకారం గాలిని చీల్చలేదు కాబట్టి 100 గజాల దగ్గర అందులో సగం కూడా మిగలదు. పక్కనుంచి గంటకి పది మైళ్ల గాలి వీస్తే అంతదూరంలో 8 అంగుళాలకి పైనే పక్కకి పోతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు వెడల్పే 8 అంగుళాలు. అదే 250 గ్రెయిన్ల సాబట్ బుల్లెట్‌ని 100 గ్రెయిన్ల కొలత మందుతో పంపితే 100 గజాల దగ్గర వెయ్యికి పైగా మిగులుతుంది. వయసు మీదపడి వెనక సైటు మసకబారిన వేటగాడికి స్కోపు కూడా లేకపోతే గాయపడి పారిపోయే జింకలే ఎక్కువవుతాయి. నాకు అది పెద్ద తప్పు.

కొనేవాళ్లు తెలుసుకోవలసినవి: ఇన్‌లైన్ గొట్టంలో 28 అంగుళాలకి ఒక చుట్టు తిరిగే రైఫ్లింగ్ మామూలు. సాబట్‌కి అదే కావాలి, ప్యాచ్ చుట్టిన గుండు అందులో కుదురుగా పోదు. మూడు బిళ్లలు, అంటే 150 గ్రెయిన్లు వేయొచ్చని పెట్టె మీద ఉంటుంది. చాలా గొట్టాలు 90–110 మధ్యే బాగా గుంపు కడతాయి (దెబ్బలన్నీ దగ్గరదగ్గరగా పడతాయి), మిగతాది భుజానికి తన్నే తన్నూ పొగా. పైరోడెక్స్ బిళ్లలకి ఒక చివర నల్లటి అంటింపు పొర ఉంటుంది, ఆ చివర ప్రైమర్ వైపు ఉండాలి. తిరగేసి వేస్తే ఆలస్యంగా పేలుతుంది, లేదా అసలు పేలదు. ట్రిపుల్ సెవెన్‌కి బలం ఎక్కువ, బ్లాక్ పౌడర్ కొలతలో 15 శాతం తగ్గించాలి. అది కాలాక మందు కూర్చున్న చోటికి కాస్త పైన గట్టి మసి ఉంగరం కడుతుంది. ప్రతి దెబ్బకీ ఒక తడి ప్యాచ్, ఒక పొడి ప్యాచ్ దింపకపోతే తర్వాతి బుల్లెట్ ఆ ఉంగరం దగ్గరే ఇరుక్కుంటుంది. అప్పుడు గుండు దిగిపోయిందనుకుని కాల్చినవాడి గొట్టమే రంజకం గారు చెప్పినట్టు ఉబ్బేది.

బ్లాక్‌హార్న్ 209 అనే మందు వాడేటట్టయితే ఒక హెచ్చరిక. 100 గ్రెయిన్లు అంటే కొలతగొట్టంలో 100. త్రాసులో తూస్తే దాని బరువు 70 గ్రెయిన్ల దగ్గర ఉంటుంది. త్రాసులో 100 తూచి పోస్తే మోతాదు బాగా మించిపోతుంది. దానికి వేడి ఎక్కువ ఇచ్చే 209 ప్రైమర్ ఉండాలి, క్యాపుతోనూ రాయితోనూ పనిచేయదు. శుభ్రం చేయడానికి నీళ్లు కాదు, సెంటర్‌ఫైర్ రైఫిల్‌కి వాడే సాల్వెంట్ కావాలి. మామూలు రైఫిల్‌లో వాడే స్మోక్‌లెస్ పౌడర్‌ని మాత్రం దానికని ప్రత్యేకంగా తయారు చేయని ఏ మజిల్‌లోడర్‌లోనూ, ఒక్క చిటికెడు కూడా వేయకూడదు. పీడనం ఎన్నో రెట్లు పెరిగి గొట్టం ముక్కలవుతుంది. చేతులు పోయేది దీని వల్లే.

సైడ్‌లాక్:

ఇద్దరూ రెండు చివర్ల నుంచి చెప్పారు. మధ్యలో పెర్కషన్ సైడ్‌లాక్ ఒకటుంది, సెయింట్ లూయీలో హాకెన్ సోదరులు చేసిన రకం. 1970లో థామ్సన్/సెంటర్ వాళ్లు హాకెన్ పేరుతో తెచ్చినదాన్ని పట్టుకునే ఈ వేటకి వేలమంది వచ్చారు. ఆ పాత తుపాకులు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. గొట్టం లోపల తుప్పు గుంటలు లేకపోతే చాలు.

దీని బలహీనత మలుపు. క్యాప్ మంట నిపుల్‌లోంచి (క్యాప్ తొడిగే బోలు మొన) దిగి, పక్కకి తిరిగి మందుని చేరాలి. బీరువాలో పెట్టేముందు పూసిన నూనె ఆ మలుపులో దిగి కూర్చుంటుంది. వేట పొద్దున మొదటి క్యాప్ టప్పుమని ఊరుకుంటే కారణం అదే. అందుకని నింపేముందు ఆల్కహాల్ ప్యాచ్‌తో నూనె తీసేయండి. తర్వాత కడ్డీ చివర పొడి ప్యాచ్ పెట్టి అడుగుదాకా దింపి, తుపాకి మూతి నిరపాయమైన వైపు ఉంచి ఒక క్యాప్ కొట్టండి. కడ్డీ బయటికి తీస్తే ప్యాచ్ మీద మాడిన మచ్చ కనబడాలి. కనబడితే దారి తెరిచి ఉన్నట్టు. లేకపోతే నిపుల్ ఊడదీసి పొడవాలి. ఈ చిన్న పని చేసే సైడ్‌లాక్ వానలో తప్ప మొరాయించదు.

రూల్స్ సంగతి. పడమటి రాష్ట్రాలు ఈ తగవుని తమదైన పద్ధతిలో తీర్చుకున్నాయి. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో ఇన్‌లైన్ పర్వాలేదు. కానీ స్కోపు, సాబట్, మందుబిళ్లలు కుదరవు, విడి మందు, ఓపెన్ సైట్లే (అద్దాల్లేని మామూలు గురిగుర్తులు). ఎల్క్ అనే పెద్ద జింకకి క్యాలిబర్ .50కి తగ్గకూడదు. ఐడహో ఇంకా కట్టుదిట్టం. మజిల్‌లోడర్‌కే కేటాయించిన వేటల్లో హ్యామర్ బయటికి కనబడుతూ తిరగాలి, రాయి గానీ 11వ నంబరు క్యాప్ గానీ మస్కెట్ క్యాప్ గానీ ఉండాలి, 209 ప్రైమర్ పనికిరాదు, సాబట్ పనికిరాదు, ప్యాచ్ చుట్టిన గుండు లేదా పైన వేరే లోహపు జాకెట్ లేని బుల్లెట్ మాత్రమే. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి వేటలో సీసమే నిషేధం కాబట్టి అక్కడ సంప్రదాయ గుండుకి వేరే లోహం వెతుక్కోవాలి. రూల్స్ ఏటా మారతాయి. ఆ ఏడాది రాష్ట్రం విడుదల చేసిన డైజెస్ట్ (వేట రూల్స్ పుస్తకం) చదవకుండా తుపాకి కొనొద్దు.

నా అభిప్రాయం ఒకటి. సీజన్ ఉద్దేశం దూరాన్ని కట్టడి చేయడమే అయితే గీత గీయాల్సింది స్కోపు దగ్గర, సాబట్ దగ్గర. నిప్పు పుట్టే పద్ధతి దగ్గర కాదు. రాయి పోయి క్యాప్ వచ్చినా, క్యాప్ పోయి ప్రైమర్ వచ్చినా పెరిగింది పేలుతుందన్న నమ్మకం. దూరం పెంచింది స్కోపూ, వేగంగా తిరిగే బుల్లెట్టూ. ఓపెన్ సైట్లున్న ఇన్‌లైన్‌తో 100 గజాలు దాటి కాల్చే వివేకవంతుడు అరుదు. ఆ లెక్కన కొలరాడో పద్ధతి నాకు నచ్చింది. మందు కూడా మూతిలోంచి పోయక, ముందే నింపి మూసిన ప్లాస్టిక్ డబ్బీలో వచ్చే ఫైర్‌స్టిక్‌ని వెనక నుంచి దూర్చే తుపాకులు 2020లో వచ్చాయి. బుల్లెట్ ఒక్కటే మూతిలోంచి దిగుతుంది. దాన్ని కొన్ని రాష్ట్రాలు మజిల్‌లోడర్‌గా ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు. అక్కడ మాత్రం నేను రంజకం గారి పక్షమే. మందూ గుండూ రెండూ మూతిలోంచి దిగకపోతే ఆ పేరుకి అర్థం లేదు.

రంజకం:

సైడ్‌లాక్ గారూ, స్కోపు మాట ఒప్పుకుంటాను, నిప్పు మాట ఒప్పుకోలేను. నమ్మకం కూడా పరిమితే. రంజకం తడిసిపోతుందని తెలిసినవాడు వాన రోజున ఇంకో ఇరవై గజాలు దగ్గరికి పాకుతాడు, లేదా కాల్చడం మానేస్తాడు. ఆ జాగ్రత్త సీజన్‌లో భాగమే అని నా నమ్మకం.

నేరుమంట గారు గాయపడే జింకల గురించి అన్నదానికి జవాబు దూరం తగ్గించడం. 75 గజాల లోపు, పక్కకి తిరిగి నిలబడిన జింకకి, ముందుకాలి వెనక రెండు ఊపిరితిత్తులూ తగిలేలా కొడితే గుండు సీసం చదునై అవతలికి దూసుకుపోతుంది. శక్తి అంకెలు చూసి గుండుని తక్కువ అంచనా వేయొద్దు. ఎదురుగా నిలబడిన జింకనీ, వెనక్కి తిరిగినదాన్నీ గుండుతో కొట్టకూడదు, ఆ మాట మాత్రం నిజం.

కొండవాలు:

చాలా ఉపయోగపడ్డాయి. రెండే సందేహాలు. మందు పోయడం మరిచి గుండు దింపేస్తే ఏం చేయాలి? "నా దూరం" ఎంతో ఎలా తేల్చుకోవాలి?

సైడ్‌లాక్:

మొదటిది అందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. ఫ్లింట్‌లాక్ అయితే టచ్ హోల్‌లోంచి సన్నటి రంజకం మందు కొద్దికొద్దిగా లోపలికి రాల్చి, గుండు కిందికే ఆని ఉందని కడ్డీతో మళ్లీ నొక్కి చూసి, నిరపాయమైన వైపు కాల్చేయాలి. పెర్కషన్ అయితే నిపుల్ తీసి అదే పని. ఇన్‌లైన్ అయితే బ్రీచ్ ప్లగ్ ఊడదీసి కడ్డీతో ముందుకి తోసేయడమే. మందు నిజంగా వేయలేదో, వేసినది తడిసిందో అనుమానం ఉంటే మరలకొక్కెంతో గుండు లాగే ముందు లోపలికి నీళ్లు పోసి నానబెట్టండి. ట్రిగ్గర్ లాగినా పేలకపోతే నిమిషంపాటు మూతి లక్ష్యం వైపే ఉంచాలి. ఆలస్యంగా పేలడం మజిల్‌లోడర్‌కి మామూలే.

నేరుమంట:

రెండోదానికి: ఆరంగుళాల కాగితం పళ్ళెం పెట్టండి. బెంచీ మీద కాదు, మోకాలి మీద కూర్చుని, చెట్టుకి ఆనుకుని, వేటలో ఎలా కాలుస్తారో అలాగే. 50 గజాల దగ్గర అయిదుకి అయిదు పళ్ళెంలో పడితే 60కి జరపండి, తర్వాత 75కి. ఒక్కటి బయటికి పోయిన దూరానికి ముందున్నదే మీ హద్దు. అన్నిటికంటే చల్లటి శుభ్రమైన గొట్టం నుంచి వెళ్లే మొదటి దెబ్బ ముఖ్యం, వేటలో దొరికేది అదే. దాన్ని వేర్వేరు రోజుల్లో కాల్చి ఒకే కాగితం మీద గుర్తుపెట్టుకోండి. ఇన్‌లైన్‌తో వరసగా కాలిస్తే గొట్టం వేడెక్కి సాబట్ ప్లాస్టిక్ మెత్తబడుతుంది, గుంపు చెదురుతుంది. రెండు మూడు దెబ్బలకోసారి చల్లారనివ్వండి.

కాల్చాక పొగలో ఏమీ కనబడదు. రెండడుగులు పక్కకి జరిగి, జింక ఏ చెట్టు పక్కనుంచి వెళ్లిందో చూసి పెట్టుకోండి. ముందు తుపాకి మళ్లీ నింపండి, తర్వాతే కదలండి. గుండు చేసే రంధ్రం చిన్నది, రక్తపు జాడ పలచగా ఉండొచ్చు. కనీసం అరగంట ఆగి వెతకాలి.

రంజకం:

శుభ్రం చేయడం గురించి ఎవరూ రాయలేదు. బ్లాక్ పౌడర్, పైరోడెక్స్ మసి గాలిలో తేమని పీల్చుకుంటుంది, మర్నాటికి గొట్టం ఎర్రబడుతుంది. పైరోడెక్స్ మసి ఇంకా చెడ్డది, అందులో ఉప్పులాంటి క్లోరైడ్ మిగులుతుంది. అదే రోజు సాయంత్రం గోరువెచ్చటి నీళ్లలో చుక్క గిన్నెల సబ్బు వేసి, ప్యాచ్‌తో పైకీ కిందికీ పంపులా లాగండి. హాకెన్ రకంలో గొట్టం కొక్కెం నుంచి ఊడుతుంది, వెనక చివరని బకెట్‌లో ముంచితే సరి. ఫ్లింట్‌లాక్‌లో ఊడకపోతే టచ్ హోల్‌లో పుల్ల గుచ్చి పైనుంచి నీళ్లు పోయండి. మరిగే నీళ్లొద్దు, ఆరేలోపే తుప్పు పొర కడుతుంది. పొడి ప్యాచ్‌లు తెల్లగా వచ్చేదాకా తుడిచి నూనె పూయండి. మర్నాడు ఇంకో ప్యాచ్ దింపితే గోధుమరంగు వస్తుంది, అప్పుడు మళ్లీ ఒకసారి. ఇన్‌లైన్‌వాళ్లు బ్రీచ్ ప్లగ్ మరలకి యాంటీ-సీజ్ గ్రీజు రాయకపోతే అది గొట్టానికి శాశ్వతంగా అతుక్కుపోతుంది.

వేట అయిపోయినా కాల్చకుండా మిగిలిన తుపాకిని వెచ్చని గదిలోకి తేవొద్దు. గొట్టం లోపల చెమ్మ పట్టి మందు తడుస్తుంది. మట్టిదిబ్బలోకి కాల్చేసి కడగడం మంచిది. కారులో పెట్టేముందు క్యాప్ తీసేస్తే, లేదా పళ్ళెంలో రంజకం ఊదేస్తే చాలా రాష్ట్రాల్లో తుపాకి ఖాళీగా ఉన్నట్టే లెక్క. గొట్టంలో మందూ గుండూ ఉన్నాయన్నది మాత్రం మర్చిపోవద్దు. ట్రిగ్గర్ గార్డుకి ఎర్రగుడ్డ కట్టి పెట్టుకోండి.